హాట్ ప్రెస్‌లో పెరుగు గిన్నె

డిసెంబరు నెల రెండవ శనివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. బయట నాలుగు డిగ్రీలు. తూర్పు గాలి, కంటికి కనబడకుండా కోటును మాత్రం తడిపే తుంపర. ఐర్లండులోని డండాక్‌లో మా అమ్మ ఇంటి వంటగదిలో మేము ముగ్గురమూ నిలబడి ఉన్నాము. అమ్మ పోయి మూడు వారాలు దాటింది. కర్మకాండ ముగిసింది, వచ్చినవారు వెళ్లిపోయారు, ఇల్లు ఖాళీ చేయడమే మిగిలింది. తమ్ముడు మురళి ఫ్రిజ్‌లో సామాను తీస్తూ వెనక వరుసలోంచి ఒక స్టీలు గిన్నె బయటకు లాగాడు. మూత ఎత్తి చూసి మళ్లీ పెట్టేశాడు.

"ఏంట్రా అది?" అంది చెల్లెలు సరళ.

"అమ్మ పెరుగక్కా. బూజు పట్టింది. అడుగుదాకా పట్టింది."

సరళ తానూ మూత ఎత్తి చూసి, పక్కనున్న కుర్చీలో కూర్చుంది. ఆ పెరుగు తోడు యాభై ఏళ్లకు దగ్గరగా ఈ దేశంలో ఒక్కరోజు ఆగకుండా నడిచినది. నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలలోకి, ఇవాళ్టిది రేపటి పాలలోకి. అమ్మ ఐర్లండులో ఏనాడూ దుకాణం పెరుగు కొనలేదు. ఆమె పోయిన రోజు నుంచి ఊళ్లోని తెలుగువాళ్లు పూటకొకరు మాకు భోజనం డబ్బాలలో తెచ్చి పెట్టారు. ఆ పెరుగులో ఒక చెంచాడు తీసి పాలలో వేయాలన్న ఆలోచన మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. మా ముగ్గురి ఇళ్లలోనూ కొన్నేళ్లుగా దుకాణపు ప్లాస్టిక్ బకెట్లే.

"అమ్మ ఎంతమందికిచ్చిందో. ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది" అని సరళ ఫోను తీసింది. ఊరి తెలుగు కుటుంబాల వాట్సాప్ గుంపులో ఒక వాక్యం పెట్టింది: అమ్మ ఇచ్చిన తోడు ఇప్పటికీ ఎవరింట్లోనైనా నడుస్తోందా? ఇక మేము చేయగలిగింది జవాబుల కోసం ఎదురుచూడటమే. ఎవరి దగ్గరా లేకపోతే అది ఆ ఉదయంతో ముగిసినట్లే.

నేను కార్క్‌లో ఉంటాను, అక్కడికి దగ్గరి రింగాస్కిడీలో ఒక మందుల కర్మాగారపు ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు కొలతలు తీసి పదవీ విరమణ చేసినవాడిని. కొలిచి చూడనిది నమ్మే అలవాటు లేదు. అయినా ఆ గిన్నె ముందు నిలబడితే, దాన్ని మేము చంపడం ఇది రెండోసారి అన్న విషయం కొలవకుండానే తెలిసింది.

మొదటిసారి నాకు పదహారేళ్లు, సరళకు పదిహేను, మురళికి పదమూడు. నాన్న ఈ ఊరి ఆసుపత్రిలో డాక్టరు. తెనాలి దగ్గర పల్లె నుంచి మమ్మల్ని ఇక్కడికి తెచ్చి అప్పటికి మూడేళ్లయింది. చుట్టుపక్కల మరో తెలుగు ఇల్లు లేదు. కందిపప్పు కావాలంటే ఎవరైనా లండను నుంచి రావాలి. మేముండే అద్దె ఇల్లు ఊరికి కొంచెం బయట, పొలాల దారి మీద ఉండేది. వంటగదిలో బొగ్గుతో మండే ఇనుప రేంజి పొయ్యి. దాని వేడికే మేడ మీద అల్మరాలోని పీపాలో నీళ్లు కాగేవి. ఆ అల్మరాను ఇక్కడివారు హాట్ ప్రెస్ అంటారు. తువ్వాళ్లూ దుప్పట్లూ అందులో పెట్టుకుంటారు. అమ్మ పెరుగు గిన్నె పెట్టుకుంది. ఆ ఇంట్లో ఏడాది పొడుగునా వెచ్చగా ఉండే చోటు అదొక్కటే. అందుకే మా తువ్వాళ్లన్నిటికీ లేత పుల్లటి వాసన ఉండేది. బడిలో వ్యాయామం తర్వాత మొహం తుడుచుకుంటుంటే పక్కవాడు ముక్కు ఎగబీల్చి చూసేవాడు.

ప్రతి సాయంత్రం ఆరుంపావుకు అమ్మ పాలు కాచేది. గోరువెచ్చనయ్యేదాకా తిరగబోసి, చిటికెన వేలు ముంచి మనసులో పది అంకెలు లెక్కపెట్టేది. పది వరకూ వేలు ఓర్చుకుంటే తోడు వేయవచ్చు, ఏడుకే తీసేయవలసి వస్తే ఇంకా ఆగాలి. తోడు వేశాక గిన్నెను పాత స్వెట్టర్‌లో చుట్టి మేడ మీదికి తీసుకువెళ్లేది. ఆ మెట్లెక్కేటప్పుడు ఎవరూ ఎదురు రాకూడదు, ఆమెతో మాట్లాడకూడదు. ఆ తోడు అమ్మమ్మ ఇంటిది. దేశం విడిచే ముందు అమ్మమ్మ తన చీర చెంగు చింపి, పెరుగులో ముంచి, ఎండలో ఎండబెట్టి, చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చిందట. ఇక్కడికి వచ్చిన రాత్రే అమ్మ ఆ గుడ్డను వెచ్చని పాలలో వేసింది. మూడో ప్రయత్నానికి తోడుకుంది. అప్పటి నుంచి ఆగలేదు.

ఆ శీతకాలం అమ్మమ్మకు బాగా జబ్బు చేసిందని కబురు వచ్చింది. అమ్మ ఒక్కతే బయలుదేరింది. ఆరు వారాలకు తిరుగు టిక్కెట్టు. ప్రయాణం నాటి ఉదయం మమ్మల్ని ముగ్గురినీ వంటగదిలో వరసగా నిలబెట్టింది.

"నాన్నకి డ్యూటీలు. ఇంటికి ఎప్పుడొస్తారో తెలీదు, వచ్చినప్పుడు వేడిగా తినాలి. రేంజి ఆరిపోనివ్వొద్దు. పెరుగు అడుగంటా ఊడ్చెయ్యొద్దు, గరిటెడు మిగలాలి. ఒరేయ్ పెద్దాడా, వింటున్నావా? అది మా అమ్మ ఇంటి తోడు. ఇక్కడ డబ్బులిచ్చినా దొరకదు."

"వింటున్నానమ్మా."

"నువ్వు విన్నావని కాదు, వాడు విన్నాడా అని" అంటూ మురళి వైపు చూసింది.

మొదటి వారం మేము ఆదర్శప్రాయంగా ఉన్నాము. నేను వంతులు వేశాను. ఒకరు పాలు కాచడం, ఒకరు తోడు వేయడం, ఒకరు గిన్నె మేడ మీదికి చేర్చడం. రెండో వారానికి ఇంటి వాసన మారింది. పోపు వాసన పోయి, బస్టాండు పక్క దుకాణం నుంచి తెచ్చిన చిప్స్ మీది వెనిగర్ వాసన చేరింది. సరళ నాన్న ఓవర్‌కోటు తొడుక్కుని బొగ్గుల కొట్టు రేకుల మీద కూర్చుని పుస్తకాలు చదివేది. మురళి స్టీలు పళ్లేల మీద గరిటెలతో డప్పు వాయించేవాడు. అదుపు చేయవలసిన నేను, ఏ పళ్లెం ఎక్కువసేపు మోగుతుందో గడియారం పెట్టి చూస్తుండేవాడిని.

మురళికి ఇంకొక అలవాటు ఉండేది. అందరికన్నా ముందు లేచి, హాట్ ప్రెస్ తలుపు తీసి, పెరుగు మీది మీగడను వేలితో తీసి తినేవాడు. మేము లేచేసరికి మీగడ మధ్యలో గుంట. ఆ మీగడ మీద హక్కు తనదని సరళ వాదన.

"వేలు విరుస్తాను."

"నేను కాదక్కా."

"మరి ఎవరు, ఆ పీపాలో నీళ్లా?"

శిక్ష ఆలోచించినది సరళ, దానికి కొలతలు ఇచ్చినది నేను. ఒక సాయంత్రం అదే మాదిరి గిన్నెలో కార్న్‌ఫ్లోర్ చిక్కగా ఉడికించి, రెండు గుప్పెళ్ల ఉప్పు కలిపి, పైన పాల మీగడ పరచి, హాట్ ప్రెస్‌లో పెట్టాము. అసలు గిన్నె దాచడానికి వెచ్చని చోటు కావాలి. రేంజి పొగగొట్టం పక్కన గోడలో ఒక గూడు ఉంది. చెయ్యి పెట్టి పది అంకెలు లెక్కపెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. అక్కడ పెట్టించాను. నా లెక్కలో తప్పు లేదు, కానీ అది సన్నగా మండుతున్న రేంజికి వేసిన లెక్క. నాన్న ఆ వేళ ఆసుపత్రి నుంచి వణికిపోతూ వచ్చాడు. రేంజి తలుపు తీసి రెండు పారల బొగ్గు వేసి, గాలి ద్వారం పూర్తిగా తెరిచి, చేతులు కాచుకుని పడుకున్నాడు. అలా చేయడంలో ఆయన తప్పు లేదు, గూట్లో ఏముందో ఆయనకు తెలియదు.

తెల్లవారి మేడ మీద మురళి ఉమ్ముతున్న శబ్దం, వెంటనే వాడి కేక. "ఉప్పు! ఉప్పు! చంపేస్తానే అక్కా!" మేమిద్దరం దుప్పట్లో నోళ్లు కుక్కుకుని నవ్వాము. వాడు కూడా చివరికి నవ్వాడు. అలా నవ్వుకుంటూ దిగివచ్చేసరికి వంటగదిలో మాడిన పాల వాసన. గూట్లోని గిన్నెను బట్టతో పట్టుకుని దించాను. పసుపుపచ్చటి నీళ్లలో రబ్బరులా ఒక ముద్ద తేలుతోంది. ముందు రోజు మిగిల్చిన గరిటెడు పెరుగూ ఈ పాలలోనే వేశాము. ఇంట్లో మరెక్కడా ఒక చుక్క లేదు.

ఆ ముద్దలోంచే చెంచాడు తీసి కొత్త పాలలో వేశాము. పాలు పాలుగానే ఉన్నాయి. ఎండుమిరప తొడిమలు వేస్తే తోడుకుంటుందని అమ్మమ్మ అనేదని సరళకు గుర్తు. వేశాము. పాలకు కారం వచ్చింది గానీ పెరుగు కాలేదు. నిమ్మరసం పిండితే విరిగిపోయాయి. మూడు రోజులు నాన్న పాలు పోసుకుని అన్నం ముగించాడు.

"పెరుగు లేదేమే?"

"చలికి తోడుకోలేదు నాన్నా" అంది సరళ, పళ్లెంలోకి చూస్తూ.

మూడో సాయంత్రం నాన్న పెందలాడే వచ్చాడు. కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆసుపత్రికి ఫోను వచ్చిందన్నాడు. "అమ్మమ్మ పోయింది. అమ్మ చేరిన నాలుగో రోజునే. కబురు ఇప్పటికి అందింది. అమ్మ పక్కనే ఉందట." తాను విన్నదంతా చెప్పాలన్నట్టు మిగతాదీ చెప్పాడు. అమ్మమ్మ ఒక్కతే ఉన్న ఇల్లు కాబట్టి దినాలు కాగానే తాళం వేస్తారు, గేదెను అమ్మేస్తారు. ఆయన లేచి వెళ్లాక సరళ నెమ్మదిగా అంది. "అయితే ఇప్పుడు అక్కడా లేదు, ఇక్కడా లేదు." అది పెరుగు గురించి అన్న మాట అని మా ముగ్గురికీ తెలుసు. ఆ రోజు నుంచి పళ్లేల మీద డప్పు మోగలేదు.

ఉపాయం మురళిది. దారి మలుపులో మిసెస్ కీనన్ అనే ముసలామె రెండు ఆవులను పెట్టుకుని వెన్న చిలికేది, ఆ మజ్జిగతో రొట్టె చేసుకునేది. మురళి సైకిలేసుకుని వెళ్లి జాం సీసా నిండా మజ్జిగ పట్టుకొచ్చాడు.

"ఏమని అడిగావురా?"

"పెరుగు చచ్చిపోయింది, మా అమ్మకి చెప్పలేం అన్నాను. గ్రాండ్, రేపు కూడా రా అంది." ఇక్కడివారికి గ్రాండ్ అంటే సరే అని.

ఆ మజ్జిగతో పాలు తోడుకున్నాయి. పెరుగు కొంచెం పల్చన, కొంచెం జిగురు, పులుపు వేరే రకం. కానీ పెరుగు. మిగిలిన వారాలన్నీ మేము దాన్ని గుడిలో దీపం చూసుకున్నట్టు చూసుకున్నాము. మురళి మీగడ ముట్టలేదు. నాన్న తేడా పట్టకుండా తినేవాడు. మాకు భయం వేసింది అమ్మ నాలుకను తలచుకునే.

అమ్మ ఒక గురువారం ఉదయం వచ్చింది. సగం చిక్కిపోయింది. మమ్మల్ని ఒక్కొక్కరినీ దగ్గరకు తీసుకుంది, ఏడవలేదు. కోటు విప్పి నేరుగా మేడెక్కి హాట్ ప్రెస్ తెరిచింది. గిన్నె మూత ఎత్తి చూసింది.

"నిలబెట్టారర్రా" అంది. "ఆరిపోయుంటుందనుకున్నా. పిల్లలు, ఏం చూస్తార్లే అనుకున్నా."

కిందికి వచ్చి పెట్టె తెరిచి, ఒక డబ్బాలోంచి మడత పెట్టిన గుడ్డ తీసింది. నీలం చీర చెంగు ముక్క, పెరుగు ఎండి అట్టలా ఉంది. అమ్మమ్మ పోయిన మర్నాడు వంటింట్లో మిగిలిన పెరుగులో ముంచి ఎండబెట్టిందట. "ఇక్కడ పోయుంటే పనికొస్తుందని తెచ్చా. ఉన్నదే ఉందిగా. ఈ గుడ్డ నేను దాచుకుంటాను, అమ్మ చీరది" అని, ఉతకడానికి సింకులో కొళాయి తిప్పి గుడ్డను దాని కింద పట్టింది.

సరళ నా వైపు చూసింది. నేను సరళ వైపు చూశాను. అందరిలో పెద్దవాణ్ణి నేను. చెప్పవలసింది నేనే. సబ్బు కోసం అమ్మ చెయ్యి చాచింది.

"ఉతక్కమ్మా!" మురళి గట్టిగా అరిచాడు. "పైనున్న పెరుగు అమ్మమ్మది కాదు! అది మిసెస్ కీనన్‌ది. మేము చంపేశాం."

అమ్మ కొళాయి కట్టేసింది. వాడు ఏడుస్తూ అంతా చెప్పాడు. కార్న్‌ఫ్లోర్, గూడు, ఉప్పు, తొడిమలు. నాన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఆ బొగ్గు వేసింది నేను" అన్నాడు. అమ్మ గుడ్డను పిండకుండా రెండు చేతులతో పట్టుకుని, "పాలు పెట్టవే" అంది సరళతో.

ఆ గుడ్డ ఎంత తడిసిందో, దానిలో ఎంత మిగిలిందో కొలిచే సాధనం ఆ ఇంట్లో లేదు. అమ్మ చిటికెన వేలు పాలలో ముంచింది. పదికి చేరాక గుడ్డను అందులో వేసింది. గిన్నెను తన కోటులోనే చుట్టి, తువ్వాళ్ల మధ్య పెట్టి తలుపు వేసింది. మధ్యాహ్నం చూడలేదు. సాయంత్రం మురళి అడిగితే, "కదిపితే తోడుకోదు. నువ్వు కూడా కదలకు" అంది. మర్నాడు పొద్దున్నే మమ్మల్ని పిలిచింది. గిన్నె వంచి చూపింది. పెరుగు జారలేదు.

"అయితే పాతది పారబోయనా?" అన్నాను నేను, ఏదైనా ఉపయోగపడే పని చేయాలని.

"ఎందుకూ? నెల రోజులు మీకు కూడుగా నిలిచింది. ఇచ్చినావిడ ముఖం చూడొద్దూ?" అని, మిసెస్ కీనన్ పెరుగులోంచి ఒక చెంచాడు తీసి కొత్త పెరుగులో వేసి కలిపింది. ఆ కలిపినదే ఆ సాయంత్రం పాలకు తోడయింది. ఆ తర్వాత ఈ దేశంలో అమ్మ తోడు అని పేరు తెచ్చుకున్నది అదే. చాలా ఏళ్ల తర్వాత, అందులో ఎవరి వాటా ఎంతో మా ప్రయోగశాలలో తేల్చవచ్చు, కొంచెం ఇవ్వమని అడిగాను. "తినేదాన్ని పరీక్ష చేస్తావేంట్రా? తిను" అంది. ఇవ్వలేదు.

ఆ తర్వాతి దశాబ్దాలలో తెలుగువాళ్లు వచ్చారు. మొదట ఒకరిద్దరు డాక్టర్లు, తర్వాత కాలేజీలో చదివే పిల్లలు, తర్వాత సాఫ్ట్‌వేర్ కుటుంబాలు. వచ్చిన ప్రతి ఇంటికీ అమ్మ చిన్న డబ్బాలో తోడు ఇచ్చేది, ఇస్తూ ఒకే మాట చెప్పేది: గరిటెడు మిగలాలి.

సరళ సందేశానికి మధ్యాహ్నం రెండు గంటలదాకా జవాబులు వచ్చాయి. అందరూ తీసుకున్నారు, అందరికీ గుర్తుంది, ఎవరి దగ్గరా లేదు. ఒకరు ఇండియా వెళ్లినప్పుడు పోయింది. ఒకరికి ఇల్లు మారినప్పుడు పోయింది. ఇంకొకాయన, "బకెట్ రెండు యూరోలకే వస్తోంది కదా సార్" అని రాశాడు. సరళ ఫోను బోర్లా పెట్టేసింది. రెండుంపావుకు డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్ నుంచి స్రవంతి అనే అమ్మాయి ఫోను చేసింది. డండాక్‌లో చదువుకునేటప్పుడు అమ్మ దగ్గర తీసుకుందట. "ఉన్నది ఆంటీ. మాకాడ రోజూ అదే. అయిదిండ్లు మారినం. ట్రెయిన్ల ఒళ్లె పెట్టుకోని తీస్కచ్చిన" అంది. వెంటనే బయలుదేరాము.

మేము చేరేసరికి నాలుగున్నర, పూర్తిగా చీకటి. ఒకే రకంగా ఉన్న ఇళ్ల వరుసలో ఆమె ఇల్లు వెతుక్కుని తలుపు కొట్టాము. లోపల దేవుడి అర దగ్గర దీపం వెలుగుతోంది. విషయం చెప్పగానే ఆమె ముఖం ఇబ్బందిగా మారింది.

"దీపం వెట్టిన అంకుల్. ఇగ పెరుగు ఇంట్లకెళ్లి బయటికి ఇయ్యద్దు. పెద్దమ్మ, మీ అమ్మనే చెప్పింది నాకు."

"నాలుగున్నరకే దీపమా తల్లీ?" అన్నాడు మురళి.

"చలికాలం కదా అంకుల్. ఎండకాలం వస్తే పదింటిదాంక వెలుగుంటది, ఇస్తుంటి." నవ్వింది, కానీ ఒప్పుకోలేదు. "ఈడ్నే పండుకోండ్రి. బువ్వ తినుండ్రి. పొద్దుగాల తీస్కపోండ్రి."

ఆమె ఐదేళ్ల కూతురు మెట్ల మీద నుంచి, "మామీ, ఆర్ దే స్టేయింగ్?" అని అడిగింది. స్టేయింగే అని తేలింది. అరవై దాటిన ముగ్గురం పరాయి ఇంట్లో బల్ల చుట్టూ కూర్చుని, ఆ పెరుగుతో అన్నం తిన్నాము. సరళ రెండోసారి అడిగి వేయించుకుంది. రుచికి నా దగ్గర కొలత లేదు కాబట్టి దాన్ని గురించి రాయను. ఒకటి మాత్రం రాయగలను. మేము ముగ్గురమూ అమ్మ కడుపున పుట్టి, ఆమె చెప్పిన నియమాలన్నీ నోటికి వచ్చి, ఒక్కటీ పాటించకుండా ఇన్నేళ్లు గడిపాము. ఆమెకు ఏమీ కాని అమ్మాయి, సూర్యుడు నాలుగింటికే అస్తమించే దేశంలో కూడా ఆ నియమం సడలించలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి స్రవంతి మూడు డబ్బాలు చేతికిచ్చింది. కార్క్ చేరి ఆ సాయంత్రమే నేను పాలు కాచాను. సగం తోడు వేసి, సగం విడిగా దాచాను. మొదటి గిన్నె తోడుకోలేదు. దాచిన సగంతో మర్నాడు మళ్లీ వేస్తే తోడుకుంది. సరళకు మొదటి రోజే కుదిరింది, మురళికీ కుదిరింది.

అమ్మ దగ్గర తోడు తీసుకున్నామని జవాబిచ్చిన ఇళ్లు నలభై ఒకటి. వాటిలో అది నిలిచినది ఒక ఇంట్లో. మావి మూడు కలిపితే, ఈ రోజుకు నాలుగు.